యూనివర్సిటీ క్యాంపస్‌లో కట్టుకోవడానికి మున్సిపల్ పర్మిషన్ అక్కర్లేదా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినాయన హైదరాబాద్ శివార్లలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బిల్డింగ్ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్). క్యాంపస్‌లో తొమ్మిదంతస్తుల హాస్టల్ కట్టాలనుకుంటున్నారు. మెయిన్ రోడ్డు వైపున్న ఆరెకరాలు ప్రైవేటు సంస్థకు 30 ఏళ్లు లీజుకిచ్చి, షాపింగ్ కాంప్లెక్స్ కట్టించి, వచ్చే అద్దెతో జీతాల లోటు పూడ్చుకోవాలని ఇంకో ఆలోచన. "మనది అటానమస్ సంస్థ, మన గోడ లోపల మనం కట్టుకుంటే మున్సిపాలిటీకేం పని?" అంటున్నారట పైవాళ్లు. అది నిజమేనా అని ఆయన సందేహం.

నిజం కాదు. రెండింటికీ ప్లాన్ శాంక్షన్, అంటే ఆ పర్మిషనే, కావాలి. కాస్త ఓపిక పడితే హాస్టల్‌కి దొరుకుతుంది. కాంప్లెక్స్ సంగతి వేరు. మాస్టర్ ప్లాన్‌లో ఆ ఆరెకరాల ల్యాండ్ యూజ్ (దేనికి వాడాలని రాసి ఉందన్నది) మారితే తప్ప ఫైల్ పెట్టినా తిరిగొస్తుంది. ల్యాండ్ యూజ్ మార్చమని అడగాలంటే ముందు ఆ భూమి యూనివర్సిటీ పేరున ఉందా లేదా అన్నది తేలాలి. చాలా యూనివర్సిటీల కథ ఈ చివరి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

నేను టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాలేజీలకూ యూనివర్సిటీలకూ పర్మిషన్ ఫైళ్లు తయారు చేసిపెడుతుంటాను. టేబుల్‌కి అటూ ఇటూ కూర్చున్నవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

అటానమీ గురించి. యూనివర్సిటీ చట్టం ఇచ్చే స్వయంప్రతిపత్తి సిలబస్‌కీ, పరీక్షలకీ, నియామకాలకీ, డబ్బు ఖర్చు పెట్టుకోవడానికీ వర్తిస్తుంది. బిల్డింగ్ రూల్స్ నుంచి అది ఎవరినీ తప్పించదు. జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో చెప్పే నియమాలు) చూసేది ఆ స్థలాన్ని దేనికి వాడుతున్నారన్నదే. యజమాని యూనివర్సిటీయా, ట్రస్టా, మామూలు మనిషా అన్న ప్రశ్న అక్కడ రాదు.

"మేం గవర్నమెంటే కదా" అని ఇంకో వాదన వినిపిస్తుంది. ఇది కొంచెం బలమైన వాదనే, ఎందుకంటే దీని వెనక 1899 నాటి గవర్నమెంట్ బిల్డింగ్స్ యాక్ట్ ఉంది. ప్రభుత్వ ఆస్తి అయిన భవనాలకు, ప్రజావసరం కోసం కట్టేవాటికి, ఆ చట్టం మున్సిపల్ భవన నియమాల నుంచి మినహాయింపు ఇస్తుంది. కానీ ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, మినహాయింపు ఉన్న చోట కూడా పని మొదలెట్టే ముందు మున్సిపాలిటీకి నోటీసు ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది. రెండోది ముఖ్యమైనది: యూనివర్సిటీ అంటే ప్రభుత్వం కాదు. చట్టం చేత ఏర్పడి, సొంత ముద్రతో, సొంత పేరుతో దావా వేయగలిగే విడి సంస్థ. ప్రాథమిక హక్కుల కేసుల్లో రాజ్యాంగం 12వ అధికరణ కింద యూనివర్సిటీని 'రాజ్యం'గా చూస్తారు, నిజమే. అది వేరే లెక్క. ఆ ముక్క పట్టుకొచ్చి ప్లాన్ శాంక్షన్ అక్కర్లేదని నోట్ ఫైల్ రాసిన లీగల్ సెల్‌ను చూశాను. ఆడిట్ వాళ్లు ఒక్క పేరాతో కొట్టేశారు.

ఈ నమ్మకం గట్టిపడటానికి ఇంకో కారణం ఉందని నా అనుమానం. మన వీసీల్లో, డీన్లలో చాలామంది అమెరికాలో చదివొచ్చారు. అక్కడ రాష్ట్ర యూనివర్సిటీలకు నగర జోనింగ్ నుంచి చాలా చోట్ల మినహాయింపు ఉన్నమాట వాస్తవం. మనవాళ్లు బోలెడంతమంది ఉండే న్యూజెర్సీలోనే ఒక పేరున్న కేసు నడిచింది. రట్గర్స్ యూనివర్సిటీ పెళ్లయిన విద్యార్థులకు ఇళ్లు కట్టబోతే, పిస్కాటవే టౌన్‌షిప్ తన జోనింగ్ ఆర్డినెన్స్ చూపించి అడ్డుపడింది. 1972లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు యూనివర్సిటీ వైపు తీర్పు చెప్పింది. అయితే ఆ మినహాయింపును ఇష్టారాజ్యంగా వాడుకోవద్దని, స్థానికుల న్యాయమైన అభ్యంతరాలు వినాలని కూడా అందులోనే ఉంది. కాలిఫోర్నియా యూనివర్సిటీకైతే ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. ప్రైవేటువైన హార్వర్డ్ లాంటివి బోస్టన్ నగరంలో కట్టాలంటే మాత్రం క్యాంపస్ మొత్తానికి మాస్టర్ ప్లాన్ ఇచ్చి నగరం ఆమోదం తెచ్చుకోవాల్సిందే. మనకు అలాంటి మినహాయింపు చట్టంలోనూ లేదు, తీర్పుల్లోనూ లేదు.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరిచినప్పుడు ఎవరి పర్మిషన్ తీసుకున్నారని ఒక ప్రొఫెసర్ గారు మీటింగులో నన్ను నిలదీశారు. నిజాం పర్మిషన్ అన్నాను. నవ్వారు గానీ ఫైల్ మీద సంతకం మాత్రం పెట్టలేదు.

సరే, మీ హాస్టల్.

మొదట చూడాల్సింది మాస్టర్ ప్లాన్. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) విస్తరిత ప్రాంతానికి 2013లో వచ్చిన 2031 ప్లాన్ వర్తిస్తుంది. పాత ఎంసీహెచ్ (హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ప్రాంతానికి 2010లో నోటిఫై చేసిన ప్లాన్ ఉంది. గచ్చిబౌలి వైపు పాత సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ప్లాన్ ఉంది. మీ సర్వే నంబరు దేని కిందికి వస్తుందో అంచనా వేసుకోకండి, ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. మామూలుగా క్యాంపస్‌ను 'పబ్లిక్, సెమీ పబ్లిక్' అని చూపిస్తారు. కానీ పెద్ద క్యాంపస్ మొత్తం ఒకే రంగులో ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక మూల రిక్రియేషన్ అని, ఇంకో మూల వాటర్ బాడీ అని, మధ్యలోంచి వంద అడుగుల మాస్టర్ ప్లాన్ రోడ్డు పోతున్నట్టు గీత కూడా ఉండొచ్చు. ఖాళీగా కనిపించే క్యాంపస్ అంటే రోడ్లు గీసేవాళ్లకు మహా ఇష్టం.

రోడ్డు గీత మీ హాస్టల్ స్థలాన్ని తాకితే ఆ మేరకు భూమి ఉచితంగా అప్పగించాలి. బదులుగా టీడీఆర్ (వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు) అడగొచ్చు. టీడీఆర్‌ను బయట అమ్ముకోవచ్చు కూడా. జీతాల లోటుకు షాపింగ్ కాంప్లెక్స్ కంటే ఇది సులువైన దారి అవుతుందేమో ఒకసారి లెక్క వేయించండి. దీనికీ టైటిల్ (భూమి మీద యాజమాన్య హక్కు) కావాలి, అది తర్వాత చెబుతాను.

ల్యాండ్ యూజ్ సరిపోయింది అనుకుందాం. తర్వాత జీవో 168, అంటే 2012 బిల్డింగ్ రూల్స్. బయటి నుంచి వచ్చే ఆర్కిటెక్టులు ముందుగా ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) ఎంత అని అడుగుతారు. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్ఎస్ఐ పరిమితి తీసేశారు. ఇక్కడ భవనాన్ని పట్టి ఆపేవి మూడు: ముందున్న రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్. ఎత్తు 18 మీటర్లు, ఆపైన ఉంటే హైరైజ్ కింద లెక్క, స్థలం కనీసం 2,000 చదరపు మీటర్లు ఉండాలి. మీ తొమ్మిదంతస్తులు 27 నుంచి 30 మీటర్ల మధ్య తేలతాయి. ఆ ఎత్తుకు జీవో 168 పట్టిక ప్రకారం ముందు 18 మీటర్ల రోడ్డు, చుట్టూ 10 మీటర్ల ఖాళీ ఉండాలి. అదే 27 మీటర్లలోపు ముగిస్తే 9 మీటర్ల ఖాళీ చాలు. 24 మీటర్లలోపు అయితే 12 మీటర్ల రోడ్డు, 8 మీటర్ల ఖాళీ. ఒక్క అంతస్తు తగ్గిస్తే డిజైన్ ఎంత సులువవుతుందో చూడండి. తర్వాత వచ్చిన సవరణలతో సరిచూసుకుని లేఅవుట్ గీయించండి.

ఇక్కడ క్యాంపస్‌లకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. రోడ్డు అంటే ఏ రోడ్డు? క్యాంపస్ లోపల మీరు వేసుకున్న తారు రోడ్డు పబ్లిక్ రోడ్డు కాదు. మొత్తం క్యాంపస్‌ను ఒకే సైటుగా చూపి, బయటి రోడ్డును అప్రోచ్‌గా చూపించాలి. లోపలి రోడ్లు ఫైరింజను తిరిగేంత వెడల్పు ఉండాలి, బ్లాకుకీ బ్లాకుకీ మధ్య ఖాళీ కూడా ఎత్తును బట్టే వదలాలి. దీంతో పాత భవనాల బండారం బయటపడుతుంది. 1980ల్లో కట్టిన క్వార్టర్లు, ఎప్పుడో వేసిన రేకుల షెడ్లు, ఎంపీ నిధులతో లేచిన జిమ్ హాలు, వేటికీ శాంక్షన్ ప్లాన్ ఉండదు. సైట్ ప్లాన్‌లో అవన్నీ చూపించాల్సిందే. దాచి చూపించకపోతే శాటిలైట్ ఇమేజ్‌లో కనిపిస్తాయి. నా సలహా: ఒక్క హాస్టల్‌కు ఫైల్ పెట్టకుండా, క్యాంపస్ మొత్తానికీ టోటల్ స్టేషన్ సర్వే చేయించి, ఉన్నవన్నీ ఉన్నట్టు గీయించి, కట్టిన సంవత్సరం ఆధారాలతో జత చేయండి. పాత ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ తీర్మానాలు, కరెంటు కనెక్షన్ తేదీలు, కాంట్రాక్టు బిల్లులు పనికొస్తాయి. అనుమతి లేని కట్టడాలను క్రమబద్ధం చేసే 2015 నాటి రెగ్యులరైజేషన్ స్కీము మళ్లీ తెరుస్తారని కూర్చోకండి, అది కోర్టులో చిక్కుకుంది.

ఫైర్ వాళ్ల దగ్గర ముందు ప్రొవిజనల్ ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం), కట్టాక ఆక్యుపెన్సీ ఎన్‌వోసీ తీసుకోవాలి. హకీంపేట, దుండిగల్, బేగంపేట, శంషాబాద్‌లలో ఏ విమానాశ్రయానికి దగ్గరగా ఉన్నా ఎత్తు అనుమతి ముందే తెచ్చుకోండి. ఇవి మామూలే కాబట్టి ఎక్కువ రాయను.

చెరువు, కుంట, నాలా: ఇక్కడ మాత్రం ఆగండి. పదెకరాల పైబడిన ఏ క్యాంపస్‌లోనూ నీటి జాడ లేకపోవడం నేను చూడలేదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. వాగు గానీ నాలా గానీ 10 మీటర్లకు మించి వెడల్పుంటే 9 మీటర్లు, చిన్నదైతే 2 మీటర్లు. "అది ఎండిపోయిన కుంట, మేం చిన్నప్పటి నుంచీ అక్కడ క్రికెట్ ఆడాం" అన్న మాట నడవదు. గ్రామ నక్షాలో కుంట అని ఉంటే కుంటే. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఇరిగేషన్ వాళ్లు ఎన్‌వోసీ మీద సంతకం పెట్టేముందు రెండుసార్లు ఆలోచిస్తున్నారు, అది మంచిదే. నా దగ్గరికొచ్చిన ఒక ప్రైవేటు సంస్థ లేడీస్ హాస్టల్‌ను అలా వదలాల్సిన బఫర్‌లోకి నాలుగు మీటర్లు జరిపి పునాది తవ్వేసింది. పిల్లర్లు లేవక ముందే వచ్చారు కాబట్టి డిజైన్ మార్పించి బయటపడేశాం. శ్లాబులు పడ్డాక వచ్చుంటే ఏ కన్సల్టెంటూ చేసేదేమీ ఉండేది కాదు.

పర్యావరణ అనుమతి సంగతి ఈ మధ్య మారింది, పాత కన్సల్టెంట్లలో చాలామంది ఇంకా గమనించలేదు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన బిల్టప్ ఏరియా ఉంటే అనుమతి కావాలి. 2014 డిసెంబరులో స్కూళ్లకూ, కాలేజీలకూ, విద్యాసంస్థల హాస్టళ్లకూ మినహాయింపు ఇచ్చారు. 2025 జనవరి 29 నోటిఫికేషన్‌లోనూ విద్యాసంస్థలకు వెసులుబాటు ఉంచారు. ఆ భాగాన్ని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 5న కొట్టేసింది. విద్య కూడా ఈ రోజుల్లో పెద్ద పరిశ్రమలా నడుస్తోంది, దానికి మాత్రం మినహాయింపు ఎందుకన్నది కోర్టు ఆలోచన. కాబట్టి "కాలేజీలకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు" అని ఎవరైనా 2014 కాగితం చూపిస్తే తీసుకోకండి. మీ హాస్టల్ ఒక్కో అంతస్తు 2,000 చదరపు మీటర్లనుకుంటే 18,000 దగ్గర ఆగుతుంది. పక్కనే ఇంకో బ్లాక్ రెండో దశగా ప్లాన్ చేస్తే దాటుతుంది. ముక్కలు చేసి చూపిద్దామన్న సలహా కచ్చితంగా వస్తుంది, వినకండి. చెట్లు కొట్టాల్సి వస్తే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి దానికదే విడిగా కావాలి.

ఇక ఆ ఆరెకరాలు.

పబ్లిక్, సెమీ పబ్లిక్ జోన్‌లో విద్యకు అనుబంధంగా ఉండేవి చెల్లుతాయి. క్యాంటీను, బ్యాంకు బ్రాంచి, పుస్తకాల షాపు, గెస్ట్ హౌస్, స్టాఫ్ క్వార్టర్లు వీటితో ఇబ్బంది రాదు. ఎక్కడ అనుబంధం అయిపోయి వ్యాపారం మొదలవుతుందన్నదే ప్రశ్న. నేను టేబుల్ అవతల ఉన్నప్పుడు రెండు విషయాలు చూసేవాణ్ని: ఆ షాపు తలుపు క్యాంపస్ లోపలికి తెరుచుకుంటుందా, రోడ్డు మీదికా? సెలవుల్లో విద్యార్థులు లేకపోయినా అది నడుస్తుందా? మీ కాంప్లెక్స్ రెండింటిలోనూ దొరికిపోతుంది. పైన స్కిల్ సెంటర్ అని ఒక అంతస్తు రాసి కింద మల్టీప్లెక్స్ పెట్టినా అంతే.

అప్పుడు మిగిలేది సీఎల్‌యూ, అంటే ల్యాండ్ యూజ్ మార్పు. హెచ్‌ఎండీఏకి దరఖాస్తు, సాంకేతిక పరిశీలన, అభ్యంతరాలకు పబ్లిక్ నోటీసు, ప్రభుత్వ ఉత్తర్వు, చార్జీలు. ఆ పబ్లిక్ నోటీసు వచ్చిన రోజు మీ క్యాంపస్ గేటు దగ్గర ఏం జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. విద్యార్థి సంఘాలు, టీచర్ల సంఘాలు, పూర్వ విద్యార్థులు అందరూ అభ్యంతరాలు పెడతారు. నా ఉద్దేశంలో పెట్టడమే సరైన పని. చదువు కోసం ఇచ్చిన భూమిని 30 ఏళ్లు షాపులకు అప్పగించడం మీద బహిరంగ చర్చ జరగకపోతే ఇంకెప్పుడు జరగాలి?

దానికంటే ముందు టైటిల్. రిజిస్ట్రార్ ఆఫీసులో కాగితం ఏముందో ఒకసారి బయటికి తీయించండి. అప్పట్లో చాలా యూనివర్సిటీలకు భూమి 'చూపించారు', పొజిషన్ ఇచ్చారు, పంచనామా రాశారు. రెవెన్యూ రికార్డులో పేరు మారలేదు. సెంట్రల్ యూనివర్సిటీ ఉదంతం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో ఏర్పడి, గచ్చిబౌలి వైపు 2,300 ఎకరాల పైచిలుకు భూమిలో స్థిరపడింది. అందులో కంచ గచ్చిబౌలి సర్వే నంబరు 25లోని 400 ఎకరాలను 2003-04లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం క్రీడల అకాడమీ కోసం ఐఎంజీ భరత సంస్థకు కేటాయించింది. 2006లో మరో ప్రభుత్వం ఆ కేటాయింపు రద్దు చేసింది. వ్యాజ్యం 2024 దాకా సాగి ప్రభుత్వం వైపు తేలింది. ఆ తర్వాత భూమి టీజీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) చేతికి వెళ్లింది, ఐటీ అభివృద్ధి కోసమన్నారు. 2025 మార్చి చివర్లో యంత్రాలు దిగి చెట్లు కూల్చాయి, విద్యార్థులు రోడ్డెక్కారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ఇంత రభసలో రాష్ట్రం మొదటి నుంచీ పట్టుకున్న వాదన ఒక్కటే: ఆ భూమి యూనివర్సిటీది కాదు. యాభై ఏళ్లుగా అక్కడున్నామన్నది దానికి జవాబు కాలేకపోయింది.

రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టు భవనాల కోసం వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమిలోంచి 100 ఎకరాలు కేటాయించినప్పుడూ అంతే. విద్యార్థులు బయోడైవర్సిటీ గురించి మాట్లాడారు, కానీ భూమి మీద చివరి మాట ప్రభుత్వానిదే అయింది.

అందుకే లీజు టెండరు ఆలోచన కంటే ముందు మూడు కాగితాలు టేబుల్ మీదికి రావాలి: భూమి ఇచ్చినప్పటి జీవో, అందులో ఏ ప్రయోజనం కోసం ఇచ్చారో రాసిన షరతు, నేటి రెవెన్యూ రికార్డు నకలు. 'విద్యా ప్రయోజనం కోసం మాత్రమే' అని షరతు ఉంటే, వేరే పనికి వాడిన మరుక్షణం భూమి వెనక్కి తీసుకునే హక్కు ప్రభుత్వానికి మీరే చేతికిచ్చినట్టు. ఉన్నత విద్యాశాఖ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా లీజు ప్రకటన ఇవ్వకండి. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ తీర్మానం ఒక్కటీ చాలదు.

ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే రెండు ముక్కలు. 2018 చట్టం కింద యూనివర్సిటీ హోదా వచ్చినంత మాత్రాన మీ పొలం జోన్ మారదు. కన్జర్వేషన్ జోన్‌లో (కట్టడాల మీద ఆంక్షలుండే చోట) కొన్నది కన్జర్వేషన్ జోన్‌లోనే ఉంటుంది. మొయినాబాద్, చేవెళ్ల వైపైతే 1996 నాటి జీవో 111 చరిత్ర తెలుసుకోండి. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో ఆంక్షలు పెట్టిన జీవో అది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలు సడలించింది కాబట్టి ఏదైనా కట్టొచ్చని బ్రోకర్లు చెప్పేది మొత్తం నమ్మకండి. ఆ సడలింపుకూ షరతులున్నాయి. ఆంధ్రలో కట్టేవాళ్లకు జీవో 168 వర్తించదు, వాళ్లకు 2017 రూల్స్ వేరే ఉన్నాయి.

కట్టాక ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, భవనాన్ని వాడుకోవచ్చన్న పత్రం) తీసుకోవడం యూనివర్సిటీలకు అసలు అలవాటే లేదు. మంత్రి గారు రిబ్బన్ కత్తిరిస్తారు, మర్నాటి నుంచి పిల్లలు దిగుతారు. 2024 డిసెంబరు 17 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, ఓసీ లేని భవనానికి కరెంటు, నీరు, డ్రైనేజీ శాశ్వత కనెక్షన్లు ఇవ్వొద్దంది. బ్యాంకులు కూడా ఓసీ చూశాకే అప్పు మంజూరు చేయాలంది. మీ హాస్టల్‌కు బ్యాంకు లోను తీసుకుంటున్నట్టయితే ఈ ముక్క ఫైనాన్స్ ఆఫీసర్‌కు ఇప్పుడే చెప్పండి.

మీరు ఏఈ స్థాయిలో ఉండి పైవాళ్లతో వాదన పెట్టుకోవాల్సిన పనిలేదు. ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు, ఇరిగేషన్ ఎఫ్‌టీఎల్ మ్యాపుకు రెండు దరఖాస్తులు మీ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సంతకంతో పంపండి. అవి రాగానే హాస్టల్, కాంప్లెక్స్ రెండూ వేర్వేరు ఫైళ్లుగా నడపండి, ఒకదాని వల్ల రెండోది ఆగకుండా. మీ పరిధి జీహెచ్‌ఎంసీయా, హెచ్‌ఎండీఏనా అన్నది దరఖాస్తు రోజున మళ్లీ నిర్ధారించుకోండి, హద్దులు ఈ మధ్య మారుతున్నాయి. ఎఫ్‌టీఎల్ మ్యాపు దొరక్కపోతే గ్రామం పేరు, కుంట పేరు ఇక్కడ రాయండి, ఏ డివిజన్ ఆఫీసులో అడగాలో చెబుతాను.